ముందు సీటు

షోరూమ్ మనిషి బండిని గేటు లోపల నిలబెట్టి, తాళాలు ఆమె చేతిలో పెట్టి, తోడొచ్చినవాడి స్కూటర్ వెనక ఎక్కి వెళ్ళిపోయాడు. ఇంటి ముందు గదిలోనే వదిన లాండ్రీ. ఎవరిదో చొక్కా తగిలించిన హ్యాంగరు చేతిలో ఉండగానే వదిన బయటికొచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఫొటోలో ఇంత లేదే."

"ఫొటో చిన్నది వదినా."

"దీని పక్కన నువ్వు నిలబడితే, బండి కొన్నవాళ్ళకి నిన్ను ఉచితంగా ఇస్తున్నట్టుంది. పడితే లేపగలవా?"

"లేపడం నేర్పారు."

"పడ్డం?"

"అది నేర్పలేదు."

"దానికి మాస్టారు అక్కర్లేదులే," అని వదిన లోపలికి పోయింది. చొక్కాని మాత్రం బండి అద్దానికి తగిలించి మర్చిపోయింది. కాసేపాగి మళ్ళీ వచ్చి తీసుకుపోయింది. ఈసారి బండి వంక చూడలేదు.

అది దూర ప్రయాణాల మోటారు సైకిలు. ఎత్తుగా ఉంటుంది. గాలిని ఆపడానికి ముందు వెడల్పాటి అద్దం, రెండు పక్కలా సామాన్ల పెట్టెలు, ముందొక సీటు, వెనక దానికంటే కాస్త ఎత్తులో ఇంకో సీటు. ఆ వెనక సీటు సంగతి ఆమెకు తెలిసినంతగా తయారుచేసినవాళ్ళకైనా తెలిసి ఉండదు. అన్నయ్య నడిపిన పాత బండి కూడా ఈ కంపెనీదే, ఈ వరసదే. చదువుకునే రోజుల నుంచి పోయినేడు దాకా సెలవు దొరికితే చాలు, అన్నాచెల్లెళ్ళిద్దరూ దాని మీద పడి వెళ్ళిపోయేవాళ్ళు. ఆమె చూసిన ఊళ్ళన్నీ ఆ వెనక సీటు మీంచి చూసినవే. వదినకి బండి పడదు, ఎక్కితే కళ్ళు తిరుగుతాయి. "మీరు పోయి రండి, నేను తలుపేసుకుని హాయిగా పడుకుంటా," అనేది. పెళ్ళయిన కొత్తలో ఈ ఏర్పాటు చూసి చుట్టాలు నవ్వారు. తర్వాత వాళ్ళకి నవ్వుకోవడానికి వేరేవి దొరికాయి.

అన్నయ్యకి ఒక జట్టు ఉండేది. బళ్ళ మీద ఊళ్ళు తిరిగేవాళ్ళ జట్టు. అందులో ఆమె పేరు సామాను. వెనక కూర్చున్న మనిషి మలుపులో కంగారుపడి అటో ఇటో కదిలితే నడిపేవాడికి ప్రాణం మీదికొస్తుంది. ఆమె కదలదు. అన్నయ్య ఎటు వంగితే అటు వంగుతుంది, అంతే. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసే ఉద్యోగం ఆమెది. గాలి పీల్చండి, బిగబట్టండి, కదలకండి అని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పదిమందికి చెప్పే మనిషికి తాను కదలకుండా కూర్చోవడం ఒక లెక్కా? "మీ చెల్లెలు మనిషి కాదురా, తాడేసి కట్టిన సామాను," అని జట్టులో ఎవరో అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది. అందులో వెక్కిరింపు కంటే మెచ్చుకోలే ఎక్కువ.

అన్నయ్య కిందటి చలికాలంలో చనిపోయాడు. బండి మీద కాదు, ఆసుపత్రి మంచం మీద. ఊపిరితిత్తుల జబ్బు. మొదటి ఎక్స్‌రే తీసింది ఆమే. గాలి పీల్చు, బిగబట్టు, కదలకు అని అన్నయ్యకి కూడా చెప్పింది. అన్నయ్య కదల్లేదు. మంచం పట్టకముందే తన బండిని ఎవరో దూరపువాడికి అమ్మేశాడు. గేటు దగ్గర ఊరికే తుప్పు పడుతుంటే చూడలేనన్నాడు.

ఆ తర్వాత ఆమె చెప్పాపెట్టకుండా డ్రైవింగ్ స్కూల్లో చేరింది. చిన్న బండి మీద నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. ఇప్పుడిది కొంది. ఏటా వానలకు ముందు జట్టు కొండదారి పట్టి, కనుమ దాటి, అవతలి లోయలో ఒక రాత్రి ఉండి తిరిగొస్తుంది. వానలు మొదలైతే ఆ దారి మూసేస్తారు, మళ్ళీ ఏడాదికే. అన్నయ్య వీపు వెనక కూర్చుని ఆమె చాలాసార్లు దాటిన కనుమే అది. ఈసారి ముందు సీట్లో కూర్చుని దాటాలనుకుంది. ఎందుకని వదిన అడిగింది. "సెలవు పెట్టేశాను," అని జవాబిచ్చింది ఆమె.

అయితే జట్టుకి ఒక పద్ధతుంది. కొత్తగా ముందు సీటెక్కినవాళ్ళ వెనకాల జట్టు పెద్ద ఒక పూట తన బండి మీద వస్తాడు. హారన్ కొట్టడు, చెయ్యి ఊపడు, తప్పు చేసినా అరవడు. తిరిగొచ్చాక వరసలో చోటు చెబుతాడు. కొత్తవాళ్ళకి ఎప్పుడూ రెండో చోటే. అందరికంటే ముందు పెద్ద, ఆయన వీపు చూసుకుంటూ కొత్త మనిషి, ఆ వెనక మిగతావాళ్ళు. నచ్చకపోతే, వచ్చే ఏడు చూద్దాం అంటాడు. అన్నాక ఎవరూ బతిమాలకూడదు.

జట్టు పెద్ద వృత్తికి పళ్ళ డాక్టరు. రోజంతా నోరు తెరిచి కూర్చున్న మనుషులతో తానొక్కడే మాట్లాడే అలవాటు వల్ల, ఎదుటివాళ్ళు జవాబు చెబితే కాస్త ఆశ్చర్యపోతాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన గేటు ముందు బండి ఆపి, ముందుగా లాండ్రీ వైపు చూశాడు. "పన్నెలా ఉందమ్మా?"

"బానే ఉందండీ," అని వదిన గబగబా లోపలికి పోయింది.

"వదినకి పన్ను నొప్పా?" అంది ఆమె.

"బండి తియ్యి," అన్నాడు డాక్టరు.

స్టాండు తియ్యగానే బండి బరువంతా ఒక్కసారి తొడల మీదికి వచ్చింది. నిండుగా ఉన్న ఫ్రిజ్‌ని ఇరుకు నడవాలో జరుపుతున్నట్టుంది. నేలకు మునివేళ్ళు మాత్రమే ఆనుతున్నాయి. కాళ్ళతో నెట్టుకుంటూ గేటు దాటేసరికి వీపుకి చెమట పట్టింది. క్లచ్ మెల్లగా వదిలింది. బండి కదిలింది. వీధి మలుపు రాకముందే ఆ బరువు ఎటు పోయిందో పోయింది. ఇందాకటి బండీ ఇదీ ఒకటేనా అనిపించింది.

ఇంజను చప్పుడు చెవులకంటే పాదాలకే ఎక్కువ తెలుస్తోంది. గేర్లు మెత్తగా, డ్రాయరు మూసినట్టు పడుతున్నాయి. సిగ్నళ్ళ దగ్గర ఆగితే మోకాలి కింద వేడి. పక్క అద్దాలు ఆమెకు కొత్త. వెనక సీట్లోంచి చూస్తే అన్నయ్య మోచేతులు తప్ప వాటిల్లో ఏమీ కనిపించేవి కావు. ఇప్పుడు రెండింటిలోనూ పళ్ళ డాక్టరు, అద్దానికొకడు చొప్పున, మాటా పలుకూ లేకుండా వస్తున్నాడు.

సరిగ్గా ఆసుపత్రి ముందు సిగ్నల్లో బండి ఆగిపోయింది. ఊళ్ళో ఇన్ని సిగ్నళ్ళుండగా అక్కడే ఆగాలా? గేటు దగ్గర వాచ్‌మన్ ఆమెను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు.

"మేడమ్, తొయ్యాలా?"

"వద్దు."

"ఎవరినైనా పిలవాలా? లోపల వార్డులో మనుషులున్నారు."

"వద్దన్నానా!"

"అయితే ఎక్స్‌రే తీయించండి మేడమ్, లోపల ఏం విరిగిందో తెలుస్తుంది," అన్నాడు వాచ్‌మన్. బండి స్టార్టయింది. అద్దంలో డాక్టరు భుజాలు నవ్వుతో ఊగడం కనిపించింది. హారన్ మాత్రం కొట్టలేదు.

ఊరు దాటాక రోడ్డు వెడల్పయింది. వేగం పెంచింది. ముందున్న అద్దం గాలిని చీల్చి ఛాతీకి తగలకుండా పక్కలకి నెట్టేస్తోంది. గాలి తల పైనుంచి పోతూ హెల్మెట్‌లో హోరుమంటోంది. ఆ హోరు ఆమెకు తెలిసిన హోరే. మెడ మీద, మోకాళ్ళ మీద అదే అదురు. డ్రైవింగ్ స్కూలు బండి మీద ఇవేవీ లేవు. అది ఈగలా జుయ్యిమనేది, ఎప్పుడూ భయపెడుతూనే ఉండేది. ఇది భయపెట్టలేదు. ఒళ్ళు దానంతట అదే సర్దుకుని కూర్చుంది.

కాసేపటికి రోడ్డు అంచున తెల్లగీత టైరు దగ్గరికి వచ్చేసింది. ఆమె బండిని మధ్యకి తెచ్చుకుంది. కొంతదూరం పోయాక గీత మళ్ళీ దగ్గరికొచ్చింది. బండి ఎడమకి లాగుతోంది. టైర్లో గాలి తక్కువైందేమో. లేక ఎడమ పెట్టెలో మంచినీళ్ళ సీసా ఉంది, ఆ బరువేమో. ఇంత పెద్ద బండికి సీసాడు నీళ్ళు లెక్కా అని మళ్ళీ తనకే అనిపించింది. హ్యాండిలే వంకరేమో. కొత్త బండికి అప్పుడే రోగమా అని షోరూమ్ వాళ్ళని మనసులో తిట్టుకుంటూ, గీత దగ్గరికి వచ్చినప్పుడల్లా బండిని లాక్కుంటూ, పెట్రోలు బంకు దాకా వెళ్ళింది. అక్కడ క్యాంటీను ఉంది. ఆగింది. డాక్టరు పక్కనే వచ్చి ఆగాడు. ఆగినప్పుడు మాట్లాడొచ్చు, పద్ధతి దానికి ఒప్పుకుంటుంది.

"బండి ఎడమకి లాగుతోంది డాక్టరుగారూ. వాళ్ళకి ఫోన్ చెయ్యాలి."

"తర్వాత చేద్దువుగాని. ఎలా ఉంది, అది చెప్పు."

ఆమె ఆలోచించింది. "ఆపితే కష్టం, పోతుంటే సుఖం. మోకాలి దగ్గర వేడి. అద్దాల్లో మీరు మీకంటే సన్నగా కనిపిస్తున్నారు."

"మంచి కంపెనీ," అన్నాడు డాక్టరు. ఆమె చేతిలోంచి తాళం తీసుకుని, ఆమె బండెక్కి, దూరంగా వంతెన దాకా పోయి వచ్చాడు. వచ్చేటప్పుడు రెండు చేతులూ హ్యాండిల్ మీద ఆనీ ఆననట్టు పెట్టాడు. బండి స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది.

"దీనికేం రోగం లేదు," అన్నాడు దిగి.

ఇద్దరూ టీ తెచ్చుకుని గట్టు మీద కూర్చున్నారు.

"మొన్న మీ వదిన నా దగ్గరికొచ్చింది. కుర్చీలో కూర్చుని నోరు తెరిచింది. అన్నీ వెతికాను, ఒక్క పన్నూ చెడలేదు. నొప్పెక్కడమ్మా అంటే, 'మా ఆడపడుచుకి వద్దని చెప్పండి' అంది."

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. "మీరేమన్నారు?"

"నోరు పుక్కిలించమన్నాను."

లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. అది పోయేదాకా డాక్టరు ఆగాడు.

"ఆవిడ చెప్పిందని నేను వద్దనను. ఒప్పుకోవాలనీ లేదు. నువ్విలాగే నడిపితే మాత్రం కొండ మీద రెండో మలుపులో లోయలోకి పోతావు. బయల్దేరినప్పట్నుంచీ నీ తల చూస్తున్నాను. ఇదుగో, ఇలా ఉంది." ఆయన తల ఎడమకి వంచి, మెడ చాచి, ఎవరినో తప్పించుకుని తొంగిచూస్తున్నట్టు పెట్టాడు. "బండి మనం చూసిన వైపే పోతుంది. అంతసేపూ ఎవరి భుజం మీంచి చూస్తున్నావు నువ్వు?"

ఆమె చెయ్యి దానంతట అదే మెడ మీదికి పోయింది.

అన్నయ్య ఆమెకంటే తలెత్తు పొడుగు. వెనక కూర్చుని తిన్నగా చూస్తే కనిపించేది అతని జాకెట్టు కుట్టు, దాని కింద మెరిసే పట్టీ. కుడివైపు చూద్దామంటే, అద్దం చూసుకోవడానికి అతను మాటిమాటికీ తల అటు తిప్పేవాడు, హెల్మెట్ అడ్డమొచ్చేది. అందుకని ఎడమ భుజం. నదులు, వంతెనలు, ఊళ్ళు, ఆ కనుమ కూడా ఆమె ఎడమ భుజం మీంచే చూసింది. చిన్న బండి మీద మెడకి ఇది గుర్తు రాలేదు. ఈ ఎత్తు, ఈ హోరు తగిలేసరికి ఒళ్ళు వెళ్ళి తన పాత చోట కూర్చుంది.

"మెడకి చెప్పు," అన్నాడు డాక్టరు.

"చెబితే వినదండీ. నా దగ్గరికొచ్చేవాళ్ళూ అంతే. తల నిటారుగా పెట్టండంటే అలాగే అంటారు, పెట్టరు."

"మరేం చేస్తావు?"

"గోడ మీద ఒక చుక్క పెట్టాను. దాన్ని చూడమంటాను."

"అయితే ఒక చుక్క చూసుకుని పద," అని డాక్టరు లేచాడు.

తిరుగుదారిలో ఆమె తిన్నగా చూసింది. మొదట్లో అది ఏదో చెయ్యకూడని పనిలా అనిపించింది. జాకెట్టు కుట్టు ఉండాల్సిన చోట రోడ్డు ఉంది. దూరంగా సన్నగా మొదలై, దగ్గరికొచ్చే కొద్దీ వెడల్పయి, చక్రం కిందికి వస్తోంది. రెండు పక్కలా చెట్లు సమానంగా వెనక్కి పోతున్నాయి. కుడిపక్క కూడా పొలాలున్నాయని, వాటి అవతల ఎర్రటి గుట్టలున్నాయని ఆమె చూసింది. అవి అక్కడ ఎప్పట్నుంచో ఉన్నవే. తెల్లగీత తన చోటనే ఉంది, దగ్గరికి రాలేదు. హెల్మెట్ లోపల కళ్ళు చెమర్చాయి. అద్దం మీంచి వచ్చే గాలికి కూడా అలా అవుతుంది.

అప్పుడు ముందు ఒక లారీ కనిపించింది. దాని వెనక తలుపులు రోడ్డుకి అడ్డంగా పెరుగుతూ వచ్చాయి. టైరు కింద కంకర కరకరలాడాక గానీ తన తల వంగిన సంగతి ఆమెకు తెలియలేదు. బండిని రోడ్డు మీదికి తెచ్చి వేగం తగ్గించింది. లారీ మలుపు తిరిగి కనబడకుండా పోయింది. మెడ నిటారుగా అయింది. ఇంకొంతదూరం పోయాక బస్సు. మళ్ళీ కంకర. ఈసారి ఆమెకు పూర్తిగా అర్థమైంది. ఖాళీ రోడ్డుతో మెడకి ఇప్పుడు పేచీ లేదు. ముందు ఒక వీపు కనబడితే చాలు, పక్కనుంచి తొంగిచూస్తుంది.

ఇంటి గేటు ముందు ఇద్దరూ బళ్ళు ఆపారు. డాక్టరు హెల్మెట్ తీసి జుట్టు సర్దుకున్నాడు. సర్దడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు.

"బావుంది. ముందు బళ్ళ పొగకి రెండుసార్లు పక్కకి తప్పుకున్నావు, అయినా తడబడలేదు. రెండో చోటు నీది. నా వెనక."

ఆమె ఊరుకుంటే సరిపోయేది. తిరుగుదారిలో ఆయన బాగా వెనకబడి వచ్చాడు, అంతదూరం నుంచి చూసినవాడికి అది పొగకి తప్పుకున్నట్టే ఉంది. రెండో చోటు ఇచ్చాడు, కనుమ ఖాయం, సెలవు ముందే పెట్టేసింది. గేటు కమ్మీ పట్టుకుంది. కొండదారి మొదట్నుంచి చివరిదాకా డాక్టరు వీపు ముందుంటుంది. అక్కడ అంచున కంకర ఉండదు. ఏమీ ఉండదు.

"పొగ కాదండీ. ముందు ఎవరైనా ఉంటే నా తల ఆగట్లేదు. లారీకీ వంగింది, బస్సుకీ వంగింది. మీ వెనక నేను రాలేను."

డాక్టరు ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. నోరు తెరవమంటాడేమో అన్నట్టుంది ఆ చూపు.

"చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"తెలిసేది కాదు."

"వచ్చే ఏడు చూద్దాం అనాలి నేనిప్పుడు."

ఆమె తల ఊపింది. బతిమాలకూడదన్నది ఆమెకు తెలుసు. కమ్మీ మీద చెయ్యి మాత్రం తీయలేదు.

డాక్టరు హెల్మెట్‌ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు, మళ్ళీ మార్చుకున్నాడు. "మా జట్టులో కొత్త మనిషిని ముందు పెట్టిన రోజు లేదు," అన్నాడు చివరికి. "మనిద్దరం వాళ్ళకంటే ముందు బయల్దేరదాం. నువ్వు ముందు, నేను వెనక. మిగతావాళ్ళు తెల్లారాక నిదానంగా వస్తారు. తిట్టుకుంటారు, తిట్టుకోనీ. దారిలో ఎవడైనా నీ ముందు పడితే బండి పక్కన ఆపెయ్, వాడు కనబడకుండా పోయేదాకా. అలా ఆగి ఆగి పోతే మధ్యాహ్నమవుతుంది. అవనీ, కొండ ఎక్కడికీ పోదు. ఈలోగా రోజూ పొద్దున ఆసుపత్రికి దీని మీదే పో. మెల్లగా. ప్రతి బస్సు వెనకా మెడ సంగతి చూసుకో."

"సరే."

"నాకు దారి చూపించేది సామాను," అనుకుంటూ ఆయన బండి తిప్పుకున్నాడు.

లాండ్రీ కిటికీ దగ్గర వదిన ఒక చొక్కా కాలరు మీద ఇస్త్రీ పెట్టె నడుపుతోంది. మాటలన్నీ వినబడే ఉంటాయి. అయినా అడిగింది.

"ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడు."

"నోరు పుక్కిలించమన్నప్పుడే అనుకున్నా, ఈయన మనవాడు కాదని." వదిన చొక్కా తిప్పి రెండోవైపు వేసింది. "ఎందుకు వెళ్ళానో అడగవా?"

"చెబితే వింటాను."

"మీరిద్దరూ పోయేవాళ్ళు, ఇద్దరూ వచ్చేవాళ్ళు. నేను నిజంగానే హాయిగా నిద్రపోయేదాన్ని. నువ్వు మీ అన్నయ్యని చూసుకుంటావని, ఆయన నిన్ను చూసుకుంటాడని. ఇప్పుడు ఒక్కదానివి పోతే నేనేం చెయ్యాలో నాకు తెలీదు." ఆవిరి బుస్సుమంది. "నీ ముందు ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు."

"వెనక?"

"డాక్టరు."

వదిన చొక్కా మడత పెట్టి, దొంతర మీద పెట్టి, చెయ్యి చాపింది. "ఆ జాకెట్టు ఇటియ్యి. దుమ్ము కొట్టుకుపోయింది."

"కొత్తది వదినా. ఇవాళే వేసుకున్నాను."

"కొత్తదైతే దుమ్ము అంటదా? కొండకి ఇలాగే వేసుకుపోతావా?"

ఆమె జాకెట్టు విప్పి ఇచ్చింది. వదిన అలవాటు కొద్దీ జేబులన్నీ ఒక్కొక్కటే తడిమి, ఏమీ లేవని చూసుకుని, లోపలికి తీసుకుపోయింది.